నాన్నమ్మ మరణం, సోమవారం అసైన్‌మెంటు, పై వారం పరీక్ష: స్పెషల్ కన్సిడరేషన్‌కు ఏ కాగితాలు పెట్టాలి?

చెయ్యేరు_గట్టు
మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ రెండో సెమిస్టరు చదువుతున్నాను. గురువారం రాత్రి రాజంపేట దగ్గర మా ఊళ్లో నాన్నమ్మ చనిపోయారు. అమ్మా నాన్నా చాలా ఏళ్లు కువైట్‌లో ఉండటం వల్ల నన్ను పెంచింది ఆవిడే. సోమవారం ఒక గ్రూపు అసైన్‌మెంటు, నేను ఒక్కడినే రాయవలసిన ఒక రిపోర్టు ఇవ్వాలి. పై వారం పరీక్ష ఉంది. యూనిట్ (సబ్జెక్టు) కోఆర్డినేటరుకు మెయిలు రాస్తే పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోమని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. పోర్టల్ తెరిస్తే ఎక్స్‌టెన్షన్ ఒకటి, స్పెషల్ కన్సిడరేషన్ ఇంకొకటి కనిపిస్తున్నాయి. పంచాయతీ నుంచి మరణ ధ్రువపత్రం ఇంకా రాలేదు. వచ్చినా అందులో ఆవిడ పేరు ఉంటుంది గానీ ఆవిడ నాకు ఏమవుతారో ఉండదు. అసలు నాన్నమ్మను వీళ్లు దగ్గరి బంధువుగా లెక్కిస్తారా? తెలిసినవారు చెప్పగలరు.

క్లేటన్_రాత్రులు
లెక్కిస్తారు, ఆ భయం అక్కర్లేదు. విదేశీ విద్యార్థుల కోసం ఇక్కడి ప్రభుత్వం పెట్టిన నేషనల్ కోడ్ 2018కి సంబంధించిన వివరణలోనే, దగ్గరి కుటుంబ సభ్యుల మరణానికి ఉదాహరణగా తల్లిదండ్రులను, తాత నాన్నమ్మ అమ్మమ్మలను కలిపి చెప్పారు. అది సెలవుల గురించి, నమోదు వాయిదా గురించి రాసిన మాట అయినా, యూనివర్సిటీలు అసైన్‌మెంట్ల విషయంలోనూ ఇంచుమించు అదే దృష్టితో చూస్తాయి.

ఇక ఆ రెండు దారుల సంగతి. ఎక్స్‌టెన్షన్ అంటే కొన్ని రోజుల గడువు. చాలాచోట్ల దీనికి ఆధారం కూడా అడగరు, లేదా చిన్న వివరణతో సరిపెడతారు, కానీ గడువు దాటకముందే అడగాలి. స్పెషల్ కన్సిడరేషన్ అంటే అనారోగ్యం, మరణం లాంటి కారణాలు చూపి వెసులుబాటు అడిగే పెద్ద దరఖాస్తు. దానికి ఆధారం కావాలి, నిర్ణయం మీ లెక్చరర్ కాకుండా వేరే విభాగం తీసుకుంటుంది, పరీక్షలకు కూడా వర్తిస్తుంది. మీ రిపోర్టుకు మొదటిది, పరీక్షకు రెండోది పెట్టండి. గ్రూపు పని సంగతి వేరు, దాని గురించి విడిగా రాస్తాను.

గడువు తేదీని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఉదాహరణకు సిడ్నీ యూనివర్సిటీలో పరీక్ష లేదా గడువు తేదీ తర్వాత 3 పని దినాల లోపు స్పెషల్ కన్సిడరేషన్ దరఖాస్తు చేరాలి. మీ యూనివర్సిటీలో ఎన్ని రోజులో ఈ రాత్రే చూసి రాసి పెట్టుకోండి. ఏదీ అడగకుండా ఆలస్యంగా ఇస్తే చాలాచోట్ల రోజుకు 5 శాతం మార్కులు కోస్తారు.

నాలుగు_బ్యాక్‌లాగులు
మా జేఎన్‌టీయూ రోజుల్లో ప్రతి సెమిస్టరుకూ ఎవరో ఒకరి నాన్నమ్మ చనిపోయేవారు. ఒకడికైతే మూడో నాన్నమ్మ కూడా పోయారని లెక్చరర్ హాజరు పట్టీలో రాసుకున్నారు.

మందుల_కొట్టు_అక్క
ఆ అబ్బాయి నిజంగా దుఃఖంలో ఉండి అడుగుతుంటే ఈ హాస్యం ఇప్పుడు అవసరమా తమ్ముడూ?

నాలుగు_బ్యాక్‌లాగులు
మీరన్నది సబబే అక్కా. చెయ్యేరు గారూ, నొప్పించాలని కాదు. నేను అసలు చెప్పాలనుకున్నది వేరు. అక్కడ మనకు అలవాటైన పద్ధతి హాజరు 75 శాతం కన్నా తగ్గితే, 65కు పైన ఉంటే, కారణం చూపి కండొనేషన్ రుసుము కట్టడం. ఆ అలవాటుతో ఇక్కడికి వచ్చినవాళ్లు స్పెషల్ కన్సిడరేషన్‌ను కూడా ఎవరినో బతిమాలుకుని తెచ్చుకునే దయ అనుకుంటారు. హెచ్‌ఓడీ గది బయట నిలబడినట్టు కోఆర్డినేటరు గది బయట నిలబడతారు. ఇక్కడ కోఆర్డినేటరు జాలిపడినా చేయగలిగింది తక్కువ. ఫారంలో ఏముందన్నదే లెక్క.

కడప_కారం
నా అభిప్రాయం కాస్త వేరుగా ఉంది. ముందు పరీక్ష రాసేయండి. బాగా రాస్తే సరే, రాయకపోతే తర్వాత స్పెషల్ కన్సిడరేషన్ పెట్టుకోవచ్చు. వాయిదా వేస్తే ఆ పరీక్ష నెత్తిమీద వేలాడుతూనే ఉంటుంది.

కింగ్స్‌ఫర్డ్_బస్సు
కడప_కారం గారి సలహా కొన్ని యూనివర్సిటీల్లో నేరుగా దెబ్బతీస్తుంది. మా యూఎన్‌ఎస్‌డబ్ల్యూలో (న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ) 'ఫిట్ టు సిట్' అనే నియమం ఉంది. పరీక్ష హాలులో కూర్చున్నా, అసైన్‌మెంటు సమర్పించినా, నేను అందుకు తగిన స్థితిలోనే ఉన్నానని మీరే ప్రకటించినట్టు లెక్క. ఆ తర్వాత బాగా రాయలేకపోయానని దరఖాస్తు పెడితే సాధారణంగా ఒప్పుకోరు. పరీక్ష మధ్యలో ఒంట్లో బాగా లేకపోతే అది వేరే విషయం, దానికి మినహాయింపు ఉంది. అంతకుముందే జరిగిన మరణం ఆ మినహాయింపులోకి రాదు. కనుక ముందు నిర్ణయించుకుని ఆ తర్వాతే హాలులో అడుగుపెట్టాలి.

కడప_కారం
మా యూనివర్సిటీలో అలా లేదు. నా స్నేహితుడు రాశాక పెట్టాడు, వచ్చింది.

కింగ్స్‌ఫర్డ్_బస్సు
అందుకే 'కొన్ని' అన్నాను. ఆయన తన యూనివర్సిటీ పేరు చెప్పలేదు, మనం ఊహించి సలహా ఇవ్వకూడదు. చెయ్యేరు గారూ, మీ యూనివర్సిటీ అసెస్‌మెంట్ పాలసీలో 'ఫిట్ టు సిట్' అన్న మాట ఉందేమో వెతకండి. ఉంటే కడప గారి దారి మూసుకుపోయినట్టే.

పంచాయతీ_సెక్రటరీ_గారబ్బాయి
కాగితాల సంగతి నేను చెబుతాను, పేరు చూసి నవ్వకండి. మరణం జరిగిన 21 రోజుల లోపు నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రివాళ్లే నమోదుకు పంపాలి, ఇంట్లో పోతే కుటుంబం పంచాయతీలో చెప్పాలి. చాలామంది పెద్దకర్మ అయ్యాక చూద్దామని ఊరుకుంటారు, అది ఆగవలసిన పని కాదు. మీ నాన్నగారికో బాబాయిగారికో ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. పత్రం తెలుగు, ఇంగ్లిషు రెండింటిలోనూ వస్తుంది కనుక అనువాదం గొడవ సాధారణంగా ఉండదు.

సంబంధం రుజువుకు తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఉంది గానీ అది వచ్చేసరికి మీ సెమిస్టరు అయిపోతుంది. అంతకన్నా సులువైన దారి పాస్‌పోర్టులు. మీ పాస్‌పోర్టు చివరి పేజీలో మీ నాన్నగారి పేరు ఉంటుంది. ఆయన కువైట్‌లో పనిచేశారు కాబట్టి ఆయనకూ పాస్‌పోర్టు ఉంటుంది, దాని చివరి పేజీలో ఆయన తల్లి పేరు ఉంటుంది. ఆ పేరు మరణ ధ్రువపత్రంలో పేరుతో కలిస్తే సంబంధం రుజువైనట్టే. అక్షరాలు మాత్రం సరిచూసుకోండి. మన దగ్గర సుబ్బమ్మ ఒక కాగితంలో సుబ్బమ్మగా, ఇంకో కాగితంలో వెంకట సుబ్బమ్మగా, ఆధార్‌లో ఇంటిపేరు చివర పెట్టుకుని ఉంటుంది. తేడా ఉంటే ముందే ఒక వాక్యంలో వివరించండి, వాళ్లు అడిగే దాకా ఆగకండి.

చెయ్యేరు_గట్టు
పాస్‌పోర్టు సంగతి నాకు తట్టనే లేదు, చాలా ఉపయోగపడింది. బాబాయి ఈ ఉదయమే పంచాయతీలో చెప్పారట. కానీ సోమవారం లోపు పత్రం చేతికి రాదు. మరి దరఖాస్తు పెట్టకుండా ఆగాలా?

క్లేటన్_రాత్రులు
ఆగకూడదు. దరఖాస్తు ఇప్పుడే పెట్టి, ఆధారం ఏ తేదీకల్లా జతచేస్తారో అందులోనే రాయండి. చాలా పోర్టళ్లు పత్రాలను తర్వాత చేర్చనిస్తాయి. ఈలోగా ఆసుపత్రి ఇచ్చిన కాగితం గానీ, పత్రికలో వేసిన శ్రద్ధాంజలి ప్రకటన గానీ, కర్మకాండ ఆహ్వాన పత్రిక గానీ ఉంటే పెట్టండి.

మందుల_కొట్టు_అక్క
స్టాట్యుటరీ డిక్లరేషన్ కూడా ఉంది. జరిగింది ఇదీ అని మీరు ఒక ఫారం మీద రాసి, సాక్షి ముందు సంతకం పెట్టడం. సాక్షిగా ఎవరు ఉండవచ్చో జాబితా ఉంటుంది, అందులో డాక్టర్లు, నర్సులు, సంతకాలకు సాక్షిగా ఉండే అధికారం ఉన్న జస్టిస్ ఆఫ్ ద పీస్‌లతో పాటు మా ఫార్మసిస్టులూ ఉన్నారు. నా కౌంటరు దగ్గరకు వారానికి ఒకరైనా విద్యార్థి ఈ పని మీద వస్తారు, మేము డబ్బు తీసుకోము. 2024 నుంచి కామన్వెల్త్ (ఇక్కడి కేంద్ర ప్రభుత్వ) డిక్లరేషన్‌ను డిజిటల్ ఐడీ ఉన్నవారు ఆస్ట్రేలియా ప్రభుత్వ పోర్టల్ మైగవ్ ద్వారా ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి: అందులో తెలిసి అబద్ధం రాస్తే నాలుగేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం. రాసే ప్రతి తేదీ సరైనదే అయి ఉండాలి. భారత కాలమానం ప్రకారం గురువారం రాత్రా, ఇక్కడి కాలమానం ప్రకారం శుక్రవారం తెల్లవారుజామా అన్నది కూడా స్పష్టంగా రాయండి, లేకపోతే ధ్రువపత్రంలోని తేదీతో కలవదు.

ఇంకొకటి. నిద్ర పట్టడం లేదు, చదివింది బుర్రకెక్కడం లేదు అనిపిస్తే జీపీని (మామూలు డాక్టరును) కలవండి. విద్యార్థి ఆరోగ్య బీమా మీకు ఎలాగూ ఉంది. యూనివర్సిటీకి సొంత ఫారం ఉంటే దాన్ని పట్టుకెళ్లి డాక్టరు చేత నింపించండి. మామూలు సర్టిఫికెట్ 'ఒంట్లో బాగాలేదు' అనే అంటుంది; ఆ ఫారం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎంత తీవ్రంగా అని అడుగుతుంది. నిర్ణయించేవాళ్లు చూసేది దాన్నే.

పెట్రోల్_బంకు_పీజీ
వాట్సాప్ గ్రూపుల్లో సర్టిఫికెట్లు అమ్ముతామని వచ్చే ప్రకటనల జోలికి ఎవరూ పోకండి. క్లినిక్‌కు ఫోన్ చేసి ఈ రోగి వచ్చాడా అని కనుక్కుంటారు. దొరికితే పోయేది ఒక యూనిట్ కాదు, చదువే.

మా రూమ్మేటు దరఖాస్తు తిరస్కరించిన సంగతి కూడా చెబుతాను. వాడు కారణంగా రాసింది ఉద్యోగంలో షిఫ్టులు పెరగడం. చదువుకునే విద్యార్థి వీసా మీద సెమిస్టరు నడుస్తున్నప్పుడు పక్షానికి 48 గంటలే పని చేయాలి, అది 2023 జూలై నుంచి ఉన్న నిబంధన. షిఫ్టులు ఎక్కువై చదవలేకపోయానని రాయడం అంటే మనకు మనమే ప్రశ్నలు కొనితెచ్చుకోవడం. లాప్‌టాప్ చెడిపోయిందనీ, పరీక్ష టైమ్‌టేబుల్ తప్పుగా చూశాననీ, టికెట్ ముందే కొనేశాననీ రాసినవి కూడా సాధారణంగా నిలబడవు.

ఆదివారం_మార్కింగ్
నేను ఒక యూనివర్సిటీలో ట్యూటరుగా పేపర్లు దిద్దుతాను. దిద్దేవాళ్లకు మీ నాన్నమ్మ గురించి తెలియదు, తెలియకూడదు కూడా. ఫలానా విద్యార్థికి కొత్త గడువు ఫలానా తేదీ అని మాత్రమే మాకు కనిపిస్తుంది. కనుక మీ ఇంటి విషయాలు క్లాసులో అందరికీ తెలుస్తాయని భయపడకండి. అలాగే స్పెషల్ కన్సిడరేషన్ వస్తే నాలుగు మార్కులు కలుపుతారన్న నమ్మకం మనవాళ్లలో ఇంకా ఉంది. మార్కులు ఎవరూ కలపరు. గడువు పెంచుతారు, ఇంకో పరీక్ష పెడతారు, అరుదుగా ఆ భాగానికి ఉన్న మార్కుల వాటాను మిగతావాటికి మారుస్తారు.

క్లేటన్_రాత్రులు గారితో ఒక్కచోట విభేదిస్తాను. పరీక్షకు కూడా వెంటనే పెట్టేయమన్నారు. వాయిదా పరీక్ష ఉచితంగా దొరికే విశ్రాంతి కాదు. సెలవుల్లో గానీ తర్వాతి సెమిస్టరు మొదట్లో గానీ వస్తుంది, అప్పటికి పాఠాలు చల్లబడి ఉంటాయి, కొత్త యూనిట్లు మొదలై ఉంటాయి. ఒకే సెమిస్టరులో మూడు పరీక్షలు వాయిదా వేసుకుని, తర్వాతి సెమిస్టరులో ఏడింటిని మోసిన విద్యార్థులను చూశాను. రిపోర్టుకు గడువు తీసుకుని, కర్మ అయ్యేదాకా ఊరివాళ్లతో మాట్లాడుతూ ఉండి, పరీక్ష రాయగలననిపిస్తే రాయడమే మేలని నా ఉద్దేశం.

క్లేటన్_రాత్రులు
మీరు చెప్పింది పేపరు దిద్దే కుర్చీలోంచి సరైనదే. కానీ పెంచిన మనిషి పోయిన పది రోజులకు పరీక్ష రాయగలనో లేదో ముందుగా ఎవరికి తెలుస్తుంది? ఫిట్ టు సిట్ ఉన్నచోట కూర్చున్నాక దుఃఖంతో రాయలేకపోతే వెనక్కి దారి ఉండదు. దరఖాస్తు పెట్టి, అనుమతి వచ్చాక కూడా రాయాలనిపిస్తే ఏమి చేయవచ్చో అడిగి తెలుసుకోమంటాను. తలుపు తెరిచి ఉంచుకోమనడమే తప్ప వాయిదా వేసి తీరాలని నేను అనలేదు.

ఆదివారం_మార్కింగ్
ఆ షరతుతో అయితే ఒప్పుకుంటాను. అనుమతి వచ్చాక రాస్తే ఏ మార్కు లెక్కలోకి వస్తుందో మాత్రం రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

టేమ్స్_తెలంగాణ
బ్రిటన్‌లో ఇదే వ్యవహారాన్ని ఎక్కువచోట్ల ఎక్స్‌టెన్యుయేటింగ్ లేదా మిటిగేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్ అంటారు. కొన్ని యూనివర్సిటీలు చిన్న గడువులకు సొంత ధ్రువీకరణ చాలంటాయి. అంతర్గత అప్పీళ్లన్నీ అయిపోయాక ఇంగ్లండ్, వేల్స్ విద్యార్థులు ఓఐఏ అనే స్వతంత్ర సంస్థకు వెళ్లవచ్చు. లోపలి ప్రక్రియ అంతా ముగిసిందని యూనివర్సిటీ ఇచ్చే కంప్లీషన్ ఆఫ్ ప్రొసీజర్స్ లేఖ వచ్చిన 12 నెలల లోపు వెళ్లాలి. ఆస్ట్రేలియాలో అలాంటిది ఉందా?

కింగ్స్‌ఫర్డ్_బస్సు
ఇప్పుడు ఉంది. నేషనల్ స్టూడెంట్ అంబుడ్స్‌మన్ 2025 ఫిబ్రవరి 1న మొదలైంది. విదేశీ విద్యార్థులు కూడా ఫిర్యాదు చేయవచ్చు, రుసుము లేదు. మామూలుగా ముందు యూనివర్సిటీలో అప్పీలు పెట్టుకుని, ఆ తర్వాత అక్కడికి వెళ్లడం క్రమం. విద్యార్థి సంఘాల్లో ఉచితంగా సహాయం చేసే అడ్వకేట్లు (లాయర్లు కారు, విద్యార్థి తరఫున మాట్లాడే సలహాదారులు) ఉంటారు. మోనాష్ పీజీ విద్యార్థులకు ఎంజీఏ, సిడ్నీ పీజీ విద్యార్థులకు సుప్రా అలాంటి సంఘాలే. తిరస్కరణ వచ్చాక కాదు, దరఖాస్తు పెట్టే ముందే వారికి ఒకసారి చూపించండి.

మూడో_సెమిస్టర్_ముగియదు
ఇదంతా చేస్తే వీసాకు ఏమైనా మచ్చ పడుతుందా? మా ఇంట్లో అందరూ అదే భయపెడుతున్నారు.

క్లేటన్_రాత్రులు
గడువు అడగడమూ, వాయిదా పరీక్ష రాయడమూ చదువుకు సంబంధించిన లోపలి విషయాలు. వీసాలో 8202 షరతు చూసేది మీరు నమోదై ఉన్నారా, చదువు సంతృప్తికరంగా సాగుతోందా అని. నిజానికి అడగకుండా ఫెయిలవుతూ పోతేనే ఆ షరతుకు ఇబ్బంది. సెమిస్టరు మొత్తం ఆపి ఇంటికి వెళ్లాలంటే మాత్రం అది వేరే దరఖాస్తు. నమోదు వాయిదాకు యూనివర్సిటీ అనుమతి ఇచ్చి, ఆ మార్పును ప్రభుత్వ వ్యవస్థలో నమోదు చేస్తుంది. చదువు ఆలస్యమై సీఓఈ (నమోదు ధ్రువీకరణ పత్రం) పొడిగించవలసి వస్తే, మీ దగ్గర ఉన్న ఈ మరణ ధ్రువపత్రం, దరఖాస్తుకు వచ్చిన అనుమతి మెయిలు అప్పుడు అక్కరకొస్తాయి. అన్నీ ఒక ఫోల్డరులో దాచుకోండి. యూనిట్ వదిలేసే ఆలోచన ఉంటే సెన్సస్ డేట్ (ఫీజు భారం లేకుండా యూనిట్ వదులుకునే ఆఖరి తేదీ) దాటిందో లేదో చూడండి, దాటాక ఫీజు తిరిగి రావడం కష్టం.

చెయ్యేరు_గట్టు
రిపోర్టుకు ఎక్స్‌టెన్షన్ వచ్చింది, వెంటనే ఇచ్చేశారు. పరీక్షకు దరఖాస్తు రాస్తున్నాను. "ఈ పరిస్థితి మీపై చూపిన ప్రభావం" అనే గడి దగ్గర ఆగిపోయాను. ఆవిడ నన్ను ఎలా పెంచారో రాస్తూ పోతే పేజీ నిండిపోయింది.

ఆదివారం_మార్కింగ్
అది మీ దగ్గరే ఉంచుకోండి, దాచుకోదగ్గ పేజీ. ఫారంలోకి మాత్రం ఇలాంటిది వెళ్లాలి: "నన్ను పెంచిన నాన్నమ్మ ఫలానా తేదీన భారతదేశంలో మరణించారు. అప్పటి నుంచి ప్రతిరోజూ రాత్రి కుటుంబంతో కర్మకాండ ఏర్పాట్ల గురించి మాట్లాడవలసి వస్తోంది. పెద్దకర్మ ఫలానా తేదీన, అంటే పరీక్షకు ఇన్ని రోజుల ముందు ఉంది. ఈ కాలంలో నిద్రలేమి వల్ల ఫలానా యూనిట్‌కు చదవవలసిన చివరి భాగాలు చదవలేకపోయాను. జతచేసిన పత్రాలు ఇవి." చదివేవారు పెద్దకర్మ అంటే తెలియనివారు కావచ్చు కనుక, మరణం తర్వాత కుటుంబమంతా పాల్గొనే ముఖ్యమైన కర్మ అని ఒక మాట చేర్చండి. దుఃఖం ఎంత పెద్దదో వాళ్లు కొలవలేరు. ఏ రోజుల్లో ఏ పని ఆగిపోయిందో మాత్రం చూడగలరు.

కడప_కారం
ఇది బాగుంది. నేనూ దాచుకుంటున్నాను.

పెట్రోల్_బంకు_పీజీ
గ్రూపు అసైన్‌మెంటు గురించి విడిగా రాస్తానన్న క్లేటన్ గారు మరిచిపోయినట్టున్నారు.

క్లేటన్_రాత్రులు
గుర్తుచేసినందుకు సంతోషం. గ్రూపు పనిలో ఒకరికి గడువు ఇస్తే మిగతావారికి వర్తిస్తుందా లేదా అన్నది యూనిట్‌ను బట్టి మారుతుంది. కనుక ముందు సహచరులకు చెప్పాలి, వివరాలు అక్కర్లేదు, ఇంట్లో మరణం జరిగిందన్నది చాలు. మీ వంతు భాగం ఎంతవరకు అయిందో ఆ ఫైలు వాళ్లకు ఇచ్చేయండి. తర్వాత కోఆర్డినేటరుకు, అందరికీ కాపీ వెళ్లేలా, మిగతావారు సోమవారమే సమర్పించి మీ భాగాన్ని మీరు తర్వాత ఇవ్వవచ్చా, లేక గ్రూపు మొత్తానికి గడువు కావాలా అని అడగండి. ఈ ఒక్క విషయంలో నిజంగానే కోఆర్డినేటరు మాటకు విలువ ఉంటుంది.

మూడో_సెమిస్టర్_ముగియదు
వాయిదా పరీక్ష ఎప్పుడో తెలియకుండా సెలవులకు హైదరాబాద్ టికెట్ కొనుక్కోవచ్చా? ధరలు పెరుగుతున్నాయి.

కింగ్స్‌ఫర్డ్_బస్సు
కొనకండి. వాయిదా పరీక్షలు ఏ వారాల్లో పెడతారో చాలా యూనివర్సిటీలు అకడమిక్ క్యాలెండరులోనే వేస్తాయి, ముందు అది చూసుకోండి. ఆ వారాల్లో మీరు ఇండియాలో ఉంటే, ప్రయాణం కారణంగా మూడోసారి అవకాశం ఇవ్వరు. తప్పనిసరై కొంటే తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే కొనండి.

మూడో_సెమిస్టర్_ముగియదు
క్యాలెండరు చూశాను, జూలై రెండో వారం అని ఉంది. జూన్ చివర వెళ్లి వచ్చేద్దామనుకున్నాను, ఇక పరీక్ష అయ్యాకే.